కోమలి పొగ డబ్బా

మా వీధిలో పొగ అందరికంటే ముందు తగిలేది నా జాకెట్లకే. ఒక పెళ్ళికూతురు పట్టు జాకెట్టు తీసుకుపోయి, ఇంటికెళ్ళి సంచి విప్పి, "ఏం స్టెల్లక్కా, దీన్ని కుట్టినావా, కాల్చినావా?" అని ఫోను చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చిత్తూరు కట్టమంచిలో జయరావు గారి మేడ కింద నాది కుట్టుమిషను అంగడి, పక్క గది కోమలిది. ఆమె కోడిని కాల్చి అమ్మేది. సాయంత్రం ఆమె పొయ్యి అంటించగానే నేను కిటికీ మూసేదాన్ని. మూసినా పొగ లోపలికి వచ్చేది.

ఇలా మొదలుపెట్టానని కోమలి అంటే నాకు కోపం అనుకోకండి. కోపమే, కానీ నాకు అందరి మీదా కోపమే. మా పాస్టరు గారు ప్రార్థనలో నా నోటికి కాపలా పెట్టమని దేవుణ్ణి విడిగా అడుగుతారు. కోమలిని నేను తిట్టినంతగా ఎవరూ తిట్టలేదు, ఆమె చేతి కోడిని నేను తిన్నంతగా ఎవరూ తినలేదు. ఆమెకు నాకంటే దగ్గరి మనిషి ఒక్కరే, అత్త సుబ్బులమ్మ. ఆ ముసలామె ఈ సంగతులు ఎవరికీ చెప్పదు కాబట్టి నేనే చెప్పాలి.

కోమలి పుట్టింది శ్రీకాళహస్తిలో. తండ్రి కలంకారీ వాళ్ళ దగ్గర పనిచేసేవాడు. బొమ్మలు వేసే పని కాదు. గుడ్డను కరక్కాయ నీళ్ళలో, బర్రెపాలలో నానబెట్టి, ఆరేసి, రంగు వేసిన తర్వాత ఏటిలో జాడించి తెచ్చే పని. ఆ వాసనల మధ్య పెరిగినందువల్లనేమో ఆమె ముక్కు మామూలు ముక్కు కాదు. నా అంగడి గడప తొక్కీ తొక్కకముందే, "అక్కా, మధ్యాన్నం ఎండుచేపలు తిన్నావా?" అని అడిగేది. తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళి చేసిన ఏడాదికి తండ్రీ పోయాడు. ఇక ఆమెకు మిగిలింది మొగుడు, అత్త. పిల్లలు కలగలేదు.

మొగుడు ధనశేఖర్‌ది ఐరాల దగ్గర పల్లె. ఇనుప పీపాను నిలువుగా కోయించి, కాళ్ళు అతికించి, దానిలో మామిడి కట్టెలు వేసి కోడి కాల్చడం మొదలుపెట్టింది అతనే. మాట నెమ్మది, పని ఇంకా నెమ్మది. కాల్చేటప్పుడు అతని కళ్ళు కోడి మీదే ఉండేవి. కొనేవాళ్ళు అరిచినా, పక్కనుంచి పెళ్ళాం పిలిచినా తల తిప్పేవాడు కాదు. "ఈయప్ప నన్ను సూసిన దానికంటే కోళ్ళను సూసిందే ఎక్కువక్కా" అని కోమలి నాతో నవ్వుతూ అనేది. ఆ నవ్వు వెనక ఉన్న బాధ నాకు అర్థమయ్యేది. ఒక్కసారి ఇటు చూడవయ్యా అని నేనే అతణ్ణి కసిరిన రోజులున్నాయి. చిన్నగా నవ్వేవాడు, నవ్వు కూడా కోడిని చూసే.

పల్లెలో వాళ్ళకు కాస్త భూమి, దానిలో కొన్ని తోతాపురి మామిడి చెట్లు ఉన్నాయి. కాయల కాలం వస్తే ధనశేఖర్ అంగడి మూసేసి వెళ్ళి తానే ఎక్కి కోసేవాడు. ఆ ఏడు కోతకు ముందురోజు వాన పడింది. చెట్లు ఆరలేదు. అతను కాలు పెట్టిన కొమ్మ విరిగింది. కింద రాతి గట్టు ఉంది. చిత్తూరు ఆసుపత్రికి తెచ్చే దారిలోనే ప్రాణం పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు సుబ్బులమ్మ మనుషుల్ని పిలిచి ఆ చెట్టును మొదలంటా కొట్టించింది. కొట్టిన కట్టెను మాత్రం ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. ఆ పల్లెలో అదొక పట్టింపు. అలాంటి చెట్టును మనిషిని తిన్న చెట్టు అంటారు. దాని కట్టెతో వండిన కూడు తింటే పోయిన మనిషిని తిన్నట్టేనని వాళ్ళ నమ్మకం. అమ్మకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు, పడిన చోటే చెదలు పట్టి పోవాలి. అందుకని మొద్దులు నరికి గట్టు పక్కన పేర్పించి, పక్క కయ్యలో సేద్యం చేసే కుప్పయ్యను ఒక కన్ను వేసి ఉంచమని చెప్పి, సుబ్బులమ్మ కోడలి వెంట చిత్తూరు వచ్చేసింది. ఆమెకు పలమనేరులో కూతురుంది. అక్కడికి పోయి హాయిగా కూర్చోవచ్చు. "నా కొడుకు పెండ్లాన్ని ఒంటిదాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయేది?" అంది. మా అంగళ్ళ వెనక ఉన్న చిన్న గదిలో అత్తాకోడళ్ళు కాపురం పెట్టారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు కోమలే పీపా ముందు నిలబడింది. బాగానే నడిచింది. ఇంతలో పైన కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు పొగకు పిల్లలు దగ్గుతున్నారని గొడవ పెట్టారు. జయరావు గారు మెత్తటి మనిషి. కిందికి వచ్చి, పీపా వైపు చూడకుండా, "కోమలమ్మా, కట్టెలు ఆపేసెయ్. గ్యాసు పెట్టుకో, నేనేమీ అనను" అని చెప్పి వెళ్ళిపోయారు. నాకు సంతోషమే అయింది, ఎందుకు దాచాలి. తిరుపతిలో ఎవరో హోటలు ఎత్తేస్తూ అమ్ముతుంటే, మూత ఉన్న మూడు బర్నర్ల గ్యాసు గ్రిల్లు కొనుక్కొచ్చింది. తళతళలాడుతూ ఉండేది. నా జాకెట్లకు మోక్షం వచ్చింది.

కోడికి మాత్రం రాలేదు. అదే కారం, అదే అల్లం, అదే మిరియం, అదే చెయ్యి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇంట్లో పెనం మీద కాల్చిన మాదిరే ఉండాదే కోమలీ" అని నేనే అన్నాను. అందరూ అదే అన్నారు. గ్యాసుకు వేడి ఉంది, వాసన లేదు. పాత గిరాకీ ఒకరొకరుగా జారిపోసాగింది. కోమలి బొగ్గు కణికను గిన్నెలో పెట్టి, దాని మీద నెయ్యి చుక్క వేసి మూత పెట్టింది. తోలుకు పట్టింది కానీ లోపలికి దిగలేదు. సీసాలో అమ్మే పొగ చుక్కలు తెప్పించింది. అవి వేస్తే మందుల అంగడి వాసన వచ్చింది. సుబ్బులమ్మ ఆ ముక్కను కుక్కకు వేస్తే కుక్క కూడా ఆలోచించింది.

చివరికి ఫోనులో ఎక్కడో చూసి, ఒక చిన్న ఇనుప డబ్బాకు మూత నిండా బెజ్జాలు కొట్టించుకొచ్చింది. దానిలో కట్టె ముక్కలు నింపి, జల్లెడ కమ్మీల కింద, బర్నరు మీద పెట్టాలి. మంట తగలదు కాబట్టి ముక్కలు భగ్గుమనవు, కుములుతూ పొగ వదులుతాయి. ఆ ఒక్క బర్నరే వెలిగించి, కోడిని మంట లేని రెండో పక్క పెట్టి, గ్రిల్లు మూత వేసేయాలి. ఆలోచన మంచిదే. కట్టె దగ్గరే చిక్కు వచ్చింది. కోత మిల్లులో అడిగితే రంపపు పొట్టు ఇచ్చారు, దానిలో ఏ జిగురు చెక్క కలిసిందో, కోడి వార్నీషు కంపు కొట్టింది. సరుగుడు పెడితే గొంతులో గరగర. మామిడి దొరికింది కానీ అది పచ్చిది, ఉడికిన ఆవిరి తప్ప పొగ లేదు. బాగా ఎండి, ఏడాది పైగా ఎండా గాలీ తిన్న మామిడి కావాలి. అది ఎక్కడ ఉందో ఆమెకు తెలుసు.

ఒక ఆదివారం అత్తకు కాణిపాకం పోతున్నానని చెప్పి ఐరాల బస్సెక్కింది. సాయంత్రం సంచీ మోసుకుంటూ నా అంగడిలోకే నేరుగా వచ్చింది. "అక్కా, దీన్ని నీ బల్ల కింద పెట్టుకుంటావా? మా అత్తకు సెప్పొద్దు" అంది. తెరిచి చూస్తే బెరడు తీసిన మామిడి ముక్కలు. ఏ చెట్టువో చెప్పింది. నేను తిట్టాను. అత్తకు తెలిస్తే ఆ క్షణమే పలమనేరు బస్సెక్కుతుంది, నువ్వు గోడలతో మాట్లాడుకుంటూ బతకాలి అని చెప్పాను. "తెలుసక్కా" అని ఏడ్చింది. ఏడుస్తూనే సంచీని నా బల్ల కిందికి తోసింది.

ఆ మర్నాడు సాయంత్రం ముక్కల్ని బొటనవేలంత చేసి, డబ్బా నింపి, బర్నరు వెలిగించింది. మొదట తెల్లగా, దట్టంగా పొగ వచ్చింది. అది చేదు పొగ, దానిలో కోడిని పెట్టకూడదు. ఆ తెలుపు పోయి పలచగా, నీలంగా మారేదాకా ఆగి, అప్పుడు కోడిని పెట్టి మూత వేసింది. చల్లగా, తడిగా ఉన్నప్పుడే మాంసం పొగను పట్టుకుంటుందట, కాలిన తర్వాత ఎంత పెట్టినా పైపైనే. మిషను ముందు కూర్చున్న నాకు ఆ వాసన తగిలింది. పాత పీపా వాసనే, ఇంకా శుభ్రంగా ఉంది. నోట్లో నీళ్ళూరాయి. పైవాళ్ళ ఇంటిదాకా పోయేంత పొగ కూడా కాదు. లేచి కిటికీ ఇంకొంచెం తెరిచాను. అప్పుడే పక్కన పటకారు కింద పడిన చప్పుడు వినిపించింది.

వెళ్ళి చూస్తే కోమలి గ్రిల్లు ముందు బిగుసుకుపోయి నిలబడి ఉంది. ముఖం ఎదురుగానే ఉంది, కళ్ళు మాత్రం ఎడమ వైపు వాలి ఉన్నాయి.

"అక్కా, ఆయప్ప వచ్చినాడు" అంది, పెదవులు కదలకుండా.

"ఎవరే?"

"నా మొగుడు. ఈడనే ఉండాడు. గట్టిగా మాట్లాడొద్దు."

 భయం వేస్తే నాకు కోపం వస్తుంది. చనిపోయినవాళ్ళు తీర్పు దినాన కడబూర మోగేదాకా నిద్రపోతారనీ, కోడి వాసనకు లేచి రారనీ, వచ్చే ఆదివారంనుంచి నాతో చర్చికి రమ్మనీ గట్టిగానే చెప్పాను. ఆమె విన్నదో లేదో తెలియదు. పొగ పలచబడేదాకా అలాగే నిలబడింది. తర్వాత కింద పడిన పటకారు తీసుకుని, ఏమీ జరగనట్టు కోడిని తిప్పింది.

ఆ రోజునుంచి డబ్బా పెట్టిన ప్రతిసారీ అతను వచ్చేవాడట. ముందు కొంచెం మట్టి వాసన, తడిసిన చొక్కా వాసన వస్తాయట. ఆ తర్వాత మనిషి. నేరుగా చూస్తే ఉండడు. కంటి కొసనుంచి చూడాలి. చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పటిలాగే కోడినే చూస్తూ నిలబడతాడు. మాట లేదు. పొగ సన్నగిల్లితే అతనూ సన్నగిల్లిపోతాడు.

"భయం లేదా నీకు?" అని అడిగాను.

"భయమెందుకు? నా మొగుడే గదా."

"మరి ఏం కావాలంట?"

"ఆయప్పకేం కావాల్నో నాకు తెలీదు. నాకు మాత్రం ఒకటే కావాలక్కా. ఒక్కసారి తలెత్తి నన్ను సూడల్ల. కాయలు కోసేదానికి పోయిన పొద్దున కూడా సూడలేదు. సంచీ సర్దుకుంటా, వస్తా అని పోయినాడు. ఒక్కసారి సూస్తే చాలు, ఆ తర్వాత రాకపోయినా ఏమీ అనుకోను."

 నేను నమ్మను, ఇప్పటికీ నమ్మను. కానీ ఆమె గ్రిల్లుకు ఎడమ పక్కనుంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి నా అంగడికి పోవడం అలవాటు చేసుకున్నాను. ఒక సాయంత్రం జాకెట్టుకు హుక్కులు కుడుతూ తల ఎత్తితే, కోమలి ఉప్పు గిన్నెను ఎడమ చేతికి మార్చుకుని పక్కకు చాపి ఉంది, ఎవరో అందుకుంటారన్నట్టు. చాలాసేపు అలాగే చాపి ఉంచింది. నా వేలికి సూది గుచ్చుకుంది.

గిరాకీ మళ్ళీ విరగబడింది. దూరంనుంచి బండ్లమీద వచ్చి తినేవాళ్ళు. ఏం కలుపుతావమ్మా అని అడిగితే నవ్వి ఊరుకునేది. సుబ్బులమ్మ కూడా రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి, గ్రిల్లు పక్కన బెంచీ మీద కూర్చుని ఒక చిన్న ముక్క తినేది. "ఇప్పుడు వాడు కాల్చిన మాదిరి ఉండాది పాపా" అని కోడల్ని మెచ్చుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా కోమలి ముఖంలో నెత్తురు ఉండేది కాదు. అత్త చేతిలోని ముక్క ఏ పొగలో కాలిందో తెలిసిన వాళ్ళం మేమిద్దరమే. కొడుకును చంపిన చెట్టును తల్లికి తినిపిస్తున్నాను అనే బాధ ఒక పక్క, డబ్బా ఆపేస్తే మొగుడు రాడనే దిగులు ఒక పక్క, పిచ్చిది నలిగిపోయేది.

దాచినది ఎంతకాలం దాగుతుంది. మళ్ళీ కట్టె తెచ్చివ్వమని కోమలి కుప్పయ్యకు కబురు పెట్టింది. అతను అంగడికి కాకుండా ఇంటికే మోసుకొచ్చాడు. కోమలి మార్కెట్టుకు పోయి ఉంది. నేను వెనక పంపు దగ్గర ఉన్నాను. గోనెసంచి గుమ్మంలో ఉన్న సుబ్బులమ్మ ముందు దించి, చెమట తుడుచుకుంటూ, "వదినా, ఇదే కడాసరిది. మిగిలిందంతా చెదలు పట్టి పొడైపోయినాది" అన్నాడు.

"ఏందప్పా ఇది?"

"మీ సెట్టు కట్టే. కోమలి ఇంతకుముందు కూడా తీసుకోనొచ్చింది గదా. కోళ్ళకు పొగ పెట్టేదానికి అన్నింది. నీకు తెలుసుననుకుంటినే!"

సుబ్బులమ్మ గోనె మూతి విప్పి, చూసి, మళ్ళీ కట్టింది. కుప్పయ్యకు మజ్జిగ ఇచ్చి పంపింది. నేను అప్పుడే కోమలికి ఫోను చేద్దామని అనుకున్నాను. చేసి ఏం చెప్పను? సాయంత్రం కోమలి గ్రిల్లు తుడుస్తుండగా, ముసలామె ఆ గోనెసంచిని రెండు చేతులతో ఈడ్చుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ ముందు పడేసింది. కోమలి చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఇన్నాళ్ళూ నాకు దీని కూడే పెడతా ఉండావా?"

కోమలి కూలబడి అత్త కాళ్ళు పట్టుకుంది. "తప్పయిపోయినాది అత్తా. నన్ను కొట్టు. నన్ను ఇడిసిపెట్టి పోవద్దు." నేను మధ్యలోకి పోయి ఏదో చెప్పబోయాను. సుబ్బులమ్మ నన్ను చేత్తో పక్కకు తోసి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఊపిరి ఎగపోస్తోంది. కాసేపటికి, "ఈ పూట పెట్టినావా?" అని అడిగింది.

"లేదత్తా. పారేస్తా. ఇప్పుడే పారేస్తా."

"పారేసేదెందుకు? పెట్టు. డబ్బా నిండా పెట్టు. నా బిడ్డను తినిందది. నేను దాన్ని తింటా. ఒక్క పుల్ల మిగలకుండా తింటా."

పల్లెలో ఏదో నమ్మకం ఉందని అన్నారు కదమ్మా అని నేను మెల్లగా అన్నాను. "ఆ నమ్మకం కొడుకులుండే వాళ్ళకు" అంది ముసలామె. 

అత్త వెళ్ళిపోలేదు. కోమలి ఇన్నాళ్ళూ భయపడినది జరగలేదు. కానీ ఎవరూ అనుకోనిది మొదలైంది. చిన్న ముక్క తిని లేచే మనిషి ఇప్పుడు తొడ ముక్క కావాలనేది. పళ్ళు సగం లేవు. ఎముకను చిగుళ్ళతో కొరికి, చీల్చి, వేళ్ళు నాకి, మళ్ళీ వాసన చూసుకునేది. తింటున్నంతసేపు తల ఎత్తదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతూ తినే తట్టలోనే పడేవి. ఆమె తినే తీరు చూస్తే నాకు భయం వేసేది. ప్రతి సాయంత్రం లేచేముందు గోనెలో చెయ్యి పెట్టి తడిమి, "ఇంగా ఎంత ఉండాది?" అని అడిగేది. తగ్గిందని తెలిస్తే ఆమెకు తృప్తి.

కోమలికి అదే ఉరి. అత్త కట్టెను తగ్గించాలని చూస్తుంది, ఈమె మిగల్చాలని చూస్తుంది. డబ్బాలో సగమే నింపి, కింద కోత మిల్లు చెక్క వేసి, పైన నాలుగు ముక్కలు కప్పింది ఒకరోజు. ముసలామె ఒక్కసారి కొరికి ఉమ్మేసింది. "ఇది మన సెట్టు గాదు" అంది. ఇక మోసం చేసే దారి లేకపోయింది. "కొంచెం మిగల్చమని అడగవే, అత్తకు సంగతి చెప్పి అడుగు" అన్నాను. "ఏమని అడిగేదక్కా? ఆయమ్మకు అది శత్రువు. దాంట్లో ఆమె కొడుకుండాడని సెప్తే ఆ ముద్ద గొంతు దిగుతుందా?" అంది. అతను ఇంకా కోడినే చూస్తున్నాడా అని అడిగాను. చూస్తున్నాడంది. రోజూ ఆమె అతని కంటికి ఆనే చోట నిలబడేది. ఒకరోజు పెళ్ళినాటి చీర కట్టుకొచ్చింది. పొయ్యి దగ్గర పట్టుచీర ఏమిటే అని గిరాకీలు నవ్వారు. నేను నవ్వలేదు.

గోనె అడుగంటిన రోజు అందరం చూస్తున్నదే కాబట్టి చెప్పకుండానే తెలిసింది. కొనేవాళ్ళు ఇంకా రాలేదు. కోమలి కోళ్ళకు కారం పట్టించి పెట్టింది. మిగిలిన ముక్కలన్నీ డబ్బాలో వేసింది, వేస్తూ వేస్తూ ఒక గుప్పెడు కొంగులో ముడి వేసుకుంది. బెంచీ మీద ఉన్న సుబ్బులమ్మ అది చూసింది.

"కొంగులో ఏముండాది?"

"రేపటికత్తా."

"రేపెందుకు? ఈ రోజుతో దాని పీడ ఇరగడై పోనీ. ఇటు తే." కొంగు పట్టి లాగింది. కోమలి వదల్లేదు. అత్త మీద ఆమె గొంతు పెంచగా నేను విన్నది అదొక్కసారే. "వొద్దత్తా! అది ఐపోతే ఆయప్ప ఇంక రాడు!"

ముసలామె చెయ్యి కొంగు మీదే ఆగిపోయింది. "ఎవురు?"

"నీ కొడుకు."

ఇక దాచడానికేముంది. అంతా చెప్పేసింది. మట్టి వాసన, తడిసిన చొక్కా, వెనక్కి కట్టుకున్న చేతులు. సుబ్బులమ్మ అరుస్తుందని నేను అనుకున్నాను, లేదా నీకు పిచ్చి పట్టిందని అంటుందని అనుకున్నాను. ఆమె నోరు తెరిచి వింటూ కూర్చుంది. చివరికి, "నేను ఈడ కూసోని తింటా ఉంటే, వాడు ఈడనే నిలబడినాడా?" అంది.

"అవునత్తా."

"రోజూనా?"

"రోజూ వచ్చినాడు."

"నాకెందుకు కనపళ్ళేదు?" అంది. "నేను కన్నతల్లిని గదే. నాకెందుకు కనపళ్ళేదు? నేను తట్టలోకే సూస్తా ఉంటిని. ఒక్కసారి కూడా తలెత్తి సూడ్లేదే." నుదురు చేత్తో కొట్టుకుంది. నేను ఆమె వైపు చూడలేక నా చెప్పులు చూసుకున్నాను.

కోమలి కొంగు ముడి విప్పింది. ఆ గుప్పెడు ముక్కలు కూడా డబ్బాలో పోసింది. వద్దే అని అరవాలనిపించింది నాకు. అతను ఒక్కసారి తనను చూస్తాడని ఇన్ని నెలలు ఎదురుచూసిన మనిషి, మిగిలిన చివరి పొగను తల్లి ముందు పెడుతోంది. బర్నరు వెలిగించింది. తెల్ల పొగ వచ్చింది, పోయింది, నీలం మిగిలింది. కోడిని పెట్టడం ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మూత కూడా వేయలేదు. సుబ్బులమ్మ బెంచీ మీద ముందుకు వంగి, పొగలోకి ముఖం పెట్టి చూసింది. కళ్ళు మండుతున్నా రెప్ప వేయలేదు.

"శేఖరా" అని పిలిచింది. "నాయనా, శేఖరా."

చెయ్యి చాపి పొగలో అటూ ఇటూ తడిమింది. ఆ చేతికి ఏమీ తగల్లేదు. "యాడుండాడో సెప్పు పాపా. నా కండ్లకు ఆనడం లేదు" అంది.

కోమలి ఎడమ వైపు చూసింది. నేను కోమలి ముఖం చూశాను. అతను వచ్చినప్పుడు ఆ ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు, నెలల తరబడి చూశాను. ఆ రోజు ఆ వెలుగు రాలేదు. ఆమె చూపు ఎడమకు పోయింది, కుడికి పోయింది, అత్త వెనక్కి పోయింది, మళ్ళీ ఎడమకు వచ్చింది. ఎవరూ లేరు. పొగ అప్పటికే పలచబడిపోతోంది.

"సెప్పవే. వచ్చినాడా?"

"వచ్చినాడత్తా" అంది కోమలి. "నీ పక్కనే, బెంచీ కాడ నిలబడుకోనుండాడు."

"ఏం సేస్తా ఉండాడు?"

 "నిన్నే సూస్తా ఉండాడు."

సుబ్బులమ్మ బెంచీ మీద ఒక పక్కకు జరిగి, కొడుకు కూర్చోవడానికి చోటిచ్చింది.